ఎవరూ అడగని కార్లు

"నాలుగింటికి ఆవిడని తీసుకెళ్తా మేడమ్. అప్పటిదాకా మీ ఇష్టం. కూర్చోబెట్టి కబుర్లు చెప్పుకున్నా నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

గడియారం చూశాను. రెండూ పది. మోకాలు పొద్దుటి నుంచీ సలుపుతోంది. ఈయన వెటకారం వింటే నాకు ఒళ్ళు మండాలి. కానీ మండటానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా.

ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు నా చేతికింద పనిచేశాడు. రిపోర్టులో టైము ఎక్కడ రాయాలో నేనే నేర్పాను. నేను పోలీసు ఉద్యోగం వదిలి మున్సిపాలిటీలో విచారణాధికారిగా చేరి తొమ్మిదేళ్లయింది. ఆఫీసులో అందరూ నా ఎదురుగా 'మేడమ్' అంటారు, వెనకాల 'అత్తగారు' అంటారు. ఇంకో పద్నాలుగు నెలలు ఓర్చుకుంటే రిటైర్‌మెంట్.

కేసు చూడ్డానికి చిన్నదే. మార్కెట్ పక్కన మున్సిపాలిటీ వారి మూడంతస్తుల కార్ పార్కింగ్ ఉంది. పార్కింగ్ ఛార్జీలు మార్చాలంటే ముందు నాలుగు రోజులు సర్వే చేయాలని రూలు. సర్వే గుమస్తా గంటకోసారి మూడంతస్తులూ తిరిగి, ఏ గడిలో ఏ నంబరు కారు ఉందో కాగితం మీద రాసుకుంటాడు. నిన్న నాలుగో రోజు. మధ్యాహ్నం రెండు యాభై ఐదుకి తన కారు కోసం మూడో అంతస్తుకి వచ్చిన పళ్ళ డాక్టరమ్మ, స్తంభం పక్కన తల పగిలి పడి ఉన్న గుమస్తాని చూసి కేకలు పెట్టింది. ఆయనకి ఇంకా స్పృహ రాలేదు.

ఇన్‌స్పెక్టర్ చూపు టికెట్టమ్మ మీద పడింది. గేటు దగ్గర అద్దాల గదిలో కూర్చుని ఇరవై ఆరేళ్లుగా టికెట్లు ఇస్తున్న మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం. ఒక్క పూట లాకప్‌లో ఉన్నా కాంట్రాక్టు రద్దు. తర్వాత తప్పేం లేదని తేలినా మళ్ళీ తీసుకోరు. కాబట్టి ఆవిడ బతుకంతా ఈ గంటా యాభై నిమిషాల్లో ఉంది.

నేను అద్దాల గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. రెండో కుర్చీకి చోటు లేదు. టికెట్ల డబ్బా మీద కూర్చున్నాను.

"నిన్న పొద్దున గుమస్తాతో గొడవ పడ్డావట?"

"పడ్డానమ్మా. 'మా పొట్ట కొట్టడానికేనా ఈ తిరుగుడు' అన్నాను. మార్కెట్ దాకా వినబడి ఉంటుంది. నా గొంతు అలాంటిది."

"ఆయన నీ పొట్టెందుకు కొడతాడు?"

"పోయినేడాదీ, అంతకుముందేడాదీ సగం ఖాళీ అని రాశాడు. మూడోసారి కూడా వందకి అరవై గడులు నిండకపోతే ఇంక ఛార్జీలూ లేవు, ఏమీ లేవు, స్థలం అమ్మేస్తారంట. ఇక్కడ పద్దెనిమిది మందిమి బతుకుతున్నాం. అడగనా మరి?"

"సరే. ఒకటి నలభై నుంచి రెండు నలభై ఐదు దాకా గేటు పైకెత్తి ఉంది. నువ్వు గదిలో లేవు. ఎక్కడున్నావు?"

ఆవిడ తేదీ స్టాంపుని ఒకసారి అటూ ఒకసారి ఇటూ జరిపింది. ఆ స్టాంపు సిరా ఆవిడ కుడి చేతి బొటనవేలికీ, రెండు వేళ్ళకీ ఊదా రంగులో పట్టేసి ఉంది. సబ్బుతో పూర్తిగా పోయే రంగు కాదది.

"బాత్రూంకి..."

"గంటా ఐదు నిమిషాలా? ఈ కాకమ్మ కథలు ఆ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పు, ఆయనకి సరదాగా ఉంటుంది. నాకు మాత్రం నిజం చెప్పు తల్లీ. నాకు టైము లేదు, నీకు అసలే లేదు."

స్టాంపు పక్కన పెట్టింది. తర్వాత ఒక్కసారిగా చెప్పేసింది.

"ఇంటికెళ్ళానమ్మా. వెనక వీధే. మా ఆయన మంచం పట్టి మూడేళ్ళయింది. కదల్లేడు, మాట్లాడలేడు. ఒకే వైపు ఉంచితే ఒళ్ళు పుండ్లు పడుతుంది. వెల్లకిలా ఉంచితే పొలమారి ఊపిరాడదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నేనెళ్ళి తిప్పాలి. ఎడమ పక్కకి తిప్పి, పై మోకాలు మడిచి, వెనక్కి ఒరిగిపోకుండా వీపు దగ్గర దిండు దోపి వస్తాను. ఇంకెవరున్నారు నాకు? గది వదిలిపెట్టి వెళ్ళానని తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని చెప్పలేదు."

"రోజూ గంట పడుతుందా?"

"అరగంటే. నిన్న పక్క తడిపేసుకున్నాడు. దుప్పటి మార్చేసరికి ఆలస్యమైంది."

"మూడో అంతస్తుకి వెళ్ళలేదు కదా?"

"ఈ మోకాళ్ళతోనా! ఆ మెట్లెక్కి ఏడాది దాటిందమ్మా."

మోకాళ్ళ విషయంలో నేను ఎవరినైనా నమ్మేస్తాను. నమ్మాను కూడా. కానీ మాట్లాడలేని మొగుడు సాక్ష్యం చెప్పలేడు. నేను బయటికొచ్చి ఇన్‌స్పెక్టర్ దగ్గరున్న గుమస్తా అట్ట తీసుకున్నాను. అట్టకి క్లిప్పుతో నాలుగు రోజుల కాగితాలు ఉన్నాయి. ఒక్కో గడికి ఎదురుగా కారు నంబరు, దాని పక్కన సన్నగా పెన్సిలుతో ఇంకో రెండు అంకెలు. మూడు–ఎనిమిది. ఏడు–ఒకటి. పన్నెండు–ఐదు.

"ఈ పెన్సిలు అంకెలేంటి?"

"పేకాట లెక్కలై ఉంటాయి మేడమ్. వదిలేయండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను వదల్లేదు. అద్దం మీద తట్టి టికెట్టమ్మకి చూపించాను. ఆవిడ అంత బాధలోనూ నవ్వింది.

"గాలి కొట్టే వాల్వులమ్మా ఇవి. చక్రానికి చిన్న ముక్కులా ఉంటుంది చూడండి, అది. చక్రాన్ని గడియారం అనుకోవాలి. ముందు చక్రం వాల్వు మూడు దగ్గరుంటే మూడు, వెనకది ఎనిమిది దగ్గరుంటే ఎనిమిది. కారు బయటికెళ్ళి మళ్ళీ అదే గడిలోకొచ్చినా వాల్వులు రెండూ మళ్ళీ అక్కడే ఆగవు కదా. 'బయటికెళ్ళి ఇప్పుడే మళ్ళీ వచ్చాను' అని బొంకేవాళ్ళని పట్టుకోడానికి పాతకాలం వాళ్ళు రాసేవాళ్ళు. ఇప్పుడు ఆఫీసులో టైపు చేసేటప్పుడు నంబర్లే ఎక్కిస్తారు, ఇవి తీసేస్తారు. ఆయనకే ఇంకా ఆ చాదస్తం."

చాదస్తం అన్న మాట విని గుమస్తా మీద నాకు తెలియకుండానే గౌరవం కలిగింది. నా గురించి కూడా ఆఫీసులో అదే అంటారు.

నిన్నటి రెండు గంటల కాగితం మూడో అంతస్తు ముప్పై ఒకటో గడి దగ్గర ఆగిపోయింది. ముప్పై రెండో గడికి ఎదురుగా ఏమీ రాయలేదు. ఆయన నడక లెక్కన అక్కడికి వచ్చేసరికి రెండున్నర అయి ఉంటుంది.

మెట్లెక్కడానికి నాకు ఏడు నిమిషాలు పట్టింది. ఇన్‌స్పెక్టర్ పైన నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. మూడో అంతస్తు మొదట్లో పోలీసు తాడు అలాగే ఉంది. లోపల నలభై ఎనిమిది గడులు, ముప్పై ఎనిమిది కార్లు. గచ్చు మధ్యలో నీళ్ళు పోయే కాలువ వైపు వాలుగా ఉంది. స్తంభం మొదట్లో ఎండిన రక్తం.

ఇన్‌స్పెక్టర్ ఫోన్లో ఫొటో చూపించాడు. గుమస్తా ఎడమ పక్కకి ఒరిగి ఉన్నాడు, కుడి మోకాలు మడత, వీపుకి ఆనుకుని ఆయన భుజం సంచి.

"సంచి మీదే పడ్డాడు. ఎవరో ముందు నుంచి నెట్టారు. ఆవిడది గట్టి చెయ్యే, రోజుకి వెయ్యి స్టాంపులు కొడుతుంది," అన్నాడు.

"నిన్న తాడు ఎన్నింటికి కట్టావు?"

"మూడూ పదికి."

"అంటే ఇరవై మూడు గంటలు దాటింది. ఎంతమంది వచ్చి కారు అడిగారు?"

"పళ్ళ డాక్టరు. ఆవిడ కారు నిన్ననే ఇచ్చి పంపాను."

"ఈ ముప్పై ఎనిమిది?"

తిరిగి కార్ల వరసల వైపు చూశాడు. 

"ఇళ్ళకెళ్ళాలి, ఆఫీసులకెళ్ళాలి, పిల్లల్ని దింపాలి. నిన్నటి నుంచి ముప్పై ఎనిమిది మందిలో ఒక్కడు కూడా కిందికొచ్చి 'నా కారేదయ్యా' అని అరవలేదు. నీకు వింతగా అనిపించలేదా?"

"మీకు అనిపించింది కదా, చాలు," అన్నాడు మొహం మాడ్చుకుని. "మీ కాలంలో అన్నీ కనిపెట్టేసేవాళ్ళు. నా దగ్గర ఇరవై కేసులున్నాయి. ఒక పార్కింగ్ గొడవకి ఇంత టైము పెట్టలేను."

"అందుకేగా చేతికందిన మనిషిని పట్టుకుపోతున్నావు."

ఆ మాట తగిలింది. తగలాలనే అన్నాను. 

నేను కాగితాలు పట్టుకుని ఒక్కో గడీ చూసుకుంటూ నడిచాను. మూడో గడిలో కారు నంబరు నాలుగు రోజులూ వేరు వేరు. అంటే నాలుగు రోజులు నలుగురు వచ్చి పెట్టినట్టు. కానీ పెన్సిలు అంకెలు నాలుగు రోజులూ ఒకటే, రెండు–తొమ్మిది. వంగి చూశాను. ఇప్పుడూ రెండు–తొమ్మిదే. నాలుగో గడి, ఐదో గడి, ఆరో గడి, అన్నీ అంతే.

కార్లు కదల్లేదు. నంబరు ప్లేట్లు మారాయి.

ప్లేట్ల చుట్టూ దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది, స్క్రూలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. అద్దాల మూలల్లో పసుపు రంగు చాక్‌పీసుతో రాసి చెరిపేసిన అంకెల మరకలు. ప్రతి కారుకీ ముందు చక్రం కింద ఒక ఇటుక. ఒక కారు కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్ తొంగిచూశాడు.

"గేరు న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్ బ్రేకు కూడా వెయ్యలేదు. ఇదేం పార్కింగ్ మేడమ్?"

"పార్కింగ్ కాదు. రోడ్ల మీద అడ్డంగా పెట్టిన కార్లని లాక్కెళ్ళే మన మున్సిపాలిటీ యార్డు లేదూ, అక్కడి పద్ధతి. ఎవరూ విడిపించుకోని కార్లు అక్కడ పడి ఉంటాయి. తోసి సర్దుకోడానికి వీలుగా బ్రేకు తీసేసి, చక్రం కింద ఇటుక పెడతారు. పసుపు చాక్‌పీసుతో నంబరు వేస్తారు. అలవాటు కొద్దీ ఇక్కడా అదే చేశారు."

ముప్పై రెండో గడి దగ్గరికి వచ్చాం. ఈ కారు ముక్కు గీత దాటి అర మీటరు బయటికి ఉంది. ఇటుక చక్రం కింద సూటిగా లేదు, హడావుడిగా అడ్డదిడ్డంగా దోపి ఉంది. నిన్న ఒంటిగంట కాగితంలో ఏడు–ఒకటి. ఇప్పుడు నాలుగు–పది. మిగిలిన ముప్పై ఏడు కార్లలో ఒక్కటీ కదల్లేదు. ఇది ఒక్కటే కదిలి, వెనక్కి వచ్చి, తన పాత చోటుకి అర మీటరు ముందే ఆగిపోయింది.

"నెట్టింది మనిషి కాదు," అన్నాను. "ఈ కారు."

ఇన్‌స్పెక్టర్ మొదటిసారిగా నోట్‌బుక్ తీశాడు.

యార్డు ఎవరి చేతిలో ఉంటుందో, ఛార్జీల ప్రతిపాదన ఎవరు రాస్తారో, ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. పార్కింగ్ సూపరింటెండెంట్. ఆఫీసులో ఆయన ముద్దుపేరు 'ఎనభై ఐదు'. వందకి ఎనభై ఐదు గడులు నిండితే ఛార్జీ పెంచాలి, తగ్గితే దించాలి, ఎప్పుడూ పదిహేను ఖాళీగా ఉంటేనే వచ్చినవాడికి చోటు దొరుకుతుంది అని కనబడిన ప్రతివాడికీ చిలక్కి చెప్పినట్టు చెబుతాడు. ఫోన్ చేస్తే పావుగంటలో వచ్చాడు. సన్నటి మనిషి. నడుముకి వెడల్పాటి పట్టీ కట్టుకుని మెల్లగా నడుస్తాడు. తాడు దాటాక ముప్పై రెండో గడి వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

"సూపరింటెండెంట్ గారూ," అన్నాను, "ఈ కార్లు యార్డువి. అవునా కాదా?"

 ఖాళీ గడిలో కట్టిన చిన్న దిమ్మ మీద మెల్లగా కూర్చున్నాడు. దబాయిస్తాడనుకున్నాను. దబాయించే ఓపిక ఆయనకీ లేదు.

"అవును మేడమ్. సర్వే ముందు రోజు తెల్లవారుజామున తెప్పించాను. పాత ప్లేట్లు యార్డులో గుట్టలుగా ఉన్నాయి. రోజూ తెల్లారకముందే వచ్చి నేనే మార్చాను."

"అరవై దాటితే పార్కింగ్ నిలబడేది కదా. ఇన్ని ఎందుకు?"

"అరవై ఒకటి వస్తే వచ్చే ఏడాది మళ్ళీ సర్వే. మళ్ళీ ఇదే బతుకు. ఎనభై ఐదు దాటిందనుకోండి, కొత్త ఛార్జీలు ఐదేళ్ళు కదలవు. ఐదేళ్ళలో ఈ పద్దెనిమిది మందిలో సగం మంది రిటైరవుతారు. ఇవాళ సాయంత్రం ఐదింటికి కౌన్సిల్ ఓటు. ఇంకొక్క రోజు గడిస్తే..." ఆగిపోయాడు. "ఇరవై ఏళ్ళు నిజం లెక్కలే రాశాను మేడమ్. ఆ నిజం లెక్కలతోనే రెండు పార్కింగులు మూయించాను. ఎవరికి ఒరిగింది?"

"నిన్న ఏం జరిగింది?"

"రెండూ పాతికకి గుమస్తా ఫోన్ చేశాడు, పైకి రమ్మని. వాల్వులు చూపించాడు. బతిమాలాను. వినలేదు. నామీద కోపం కాదు, ఆయనకి లెక్క తప్పితే అన్నం సహించదు. 'ఇది నిజం కారే అయితే కింద ఇటుకెందుకయ్యా' అని కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఇటుక ఎగిరిపోయింది. కారు కదిలింది. నేను పట్టుకున్నాను, ఆగలేదు. ఆయన వెనక్కి తగ్గి తగ్గి స్తంభానికి..." చేతులతో మొహం కప్పుకున్నాడు.

"ఆంబులెన్స్ ఎందుకు పిలవలేదు?" అని అరిచాను. నాకు నిజంగా కోపం వచ్చింది.

"చచ్చిపోయాడనుకున్నాను. భయమేసింది. కారు వెనక్కి నెట్టేసి వెళ్ళిపోయాను. రాత్రంతా ఆసుపత్రి బయట నిలబడ్డాను. లోపలికి వెళ్ళే మొహం లేదు."

"కారు ఎవరు నెట్టారు?"

"నేనే."

"వాలులో, పైకి, ఆ నడుముతో, మీరొక్కరే?"

"ఒక్కడినే," అన్నాడు. మొట్టమొదటిసారి తలెత్తి సూటిగా నా కళ్ళలోకి చూశాడు.

నేను ఇంకా అడగబోయాను. ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నోట్‌బుక్ నిండింది, కేసు తేలింది, మొహం వెలిగింది. మెట్ల దగ్గర ఆగి అన్నాడు: "మీ టికెట్టమ్మని వదిలేశాను మేడమ్. తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకోండి. వేలిముద్రల వాళ్ళు నాలుగింటికి వస్తారు. ఒక్కడే నెట్టాడో లేదో వాళ్ళు చెప్తారు. ఏ కారూ ముట్టుకోకండి."

మూడూ నలభై. గెలిచినందుకు నాకేమీ సంతోషం కలగలేదు. ఐదింటికి కౌన్సిల్లో అసలు లెక్క చదువుతారు. యార్డు కార్లు తీసేస్తే వందకి అరవై రాదు. ఛార్జీల కాగితం పక్కన పెట్టి స్థలం అమ్మకం కాగితం తీస్తారు. టికెట్టమ్మని లాకప్ నుంచి తప్పించి రోడ్డు మీదికి పంపాను, అంతే నేను చేసింది. అదైనా చేశాను కదా అనుకుంటుండగా ఫోన్ మోగింది. ఆసుపత్రి డాక్టరు.

"మీ గుమస్తాకి స్పృహ వచ్చిందండీ. 'ఇటుక నేనే తన్నాను' అంటున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో గుర్తు లేదట. గండం గడిచింది. ఇంతకీ ముందుగా చూసినవాళ్ళెవరు? వాళ్ళకి నా నమస్కారం చెప్పండి."

"ఒక పళ్ళ డాక్టరు."

"ఆవిడతో మాట్లాడాను. తను ముట్టుకోనే లేదట, అప్పటికే అలా ఉన్నాడట. అంతకంటే ముందు ఎవరో వచ్చారు. వెల్లకిలా ఉంటే గొంతులో రక్తం నిండి పది నిమిషాల్లో పోయేవాడు. ఎడమ పక్కకి తిప్పి, పై మోకాలు మడిచి, ఒరిగిపోకుండా వీపు వెనక సంచి దోపారు. అది పడ్డ మనిషికి దానంతటదే కుదరదండీ. రోజూ చేసే చెయ్యి ఎవరిదో."

ఫోన్ పెట్టేశాను. 

టికెట్టమ్మ రెండు పాతికకో ముప్పైకో ఇంటి నుంచి తిరిగొచ్చి ఉంటుంది. పైనుంచి సూపరింటెండెంట్ పిలిచి ఉంటాడు. ఏడాదిగా ఎక్కని మెట్లు ఎక్కి ఉంటుంది. తన ఉద్యోగం కోసం, ఇంకో పదిహేడు మంది కోసం ఆ కారుని నెట్టింది. నెట్టాక వెళ్ళిపోలేకపోయింది. ఊపిరి ఉందని ఆ చేతులకి తెలిసింది. బతికించింది. బతికించిన సంగతి చెప్పుకోలేక నాకు దుప్పటి కథ చెప్పింది.

చూడకూడదనుకున్నాను. చూశాను. ముప్పై రెండో గడి కారు బానెట్ మీద దుమ్ములో రెండు పెద్ద అరచేతుల గుర్తులు. వాటికి కుడి పక్కన కాస్త కిందుగా ఇంకో రెండు, చిన్నవి. కుడి చేతి గుర్తులో బొటనవేలూ, రెండు వేళ్ళూ పడ్డచోట చెమటకి తడిసి దిగిన ఊదా రంగు.

కింద జీపు ఆగిన చప్పుడైంది. మెట్ల మీద బూట్లు. ఇద్దరో ముగ్గురో. వాళ్ళతో పాటు ఇన్‌స్పెక్టర్ గొంతు. నాలుగింటికి ఇంకా పన్నెండు నిమిషాలుంది, ఈ శాఖ వాళ్ళు జీవితంలో మొదటిసారి ముందే వచ్చారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను సాక్ష్యం మీద చెయ్యి వేసింది లేదు. వేసినవాళ్ళని ఇద్దరిని ఇంటికి పంపాను.

తాడు ఎత్తిన చప్పుడు వినిపించేసరికి నేను ఆ బానెట్ మీద, కుడి వైపున, బరువంతా వేసి కూర్చుని ఉన్నాను.

"మేడమ్! ఏ కారూ ముట్టుకోవద్దని చెప్పానా లేదా?" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్.

"మోకాలు పట్టేసిందయ్యా."

"ఇంత చోటుండగా దాని మీదే కూర్చోవాలా? లేవండి."

"లేస్తాను," అన్నాను. "ఒక్క నిమిషం ఆగు."

ఆయన నా మొహం చూశాడు. తర్వాత నేను కూర్చున్న చోటు చూశాడు. రిపోర్టులో టైము ఎక్కడ రాయాలో నేనే నేర్పిన మనిషి, నా వైపే చూస్తూ నోట్‌బుక్ తీసి టైము రాసుకున్నాడు.